పైన ఆగిన అల

డిండోలిలో నేను ట్యూషన్ చెప్పే గదిలో, బోర్డు పక్కన మేకుకు ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. చీరల అంచులు కత్తిరించగా మిగిలే చిందీ ముక్కలను జడలా అల్లి చేసిన తాడు అది. ఎన్నిసార్లు ఉతికినా దానిలోంచి మెషీను నూనె వాసన పోదు, వానాకాలంలో మరీ ఎక్కువ. కొత్తగా చేరిన పిల్లలు ముక్కు మూసుకుంటారు. మూసుకోనీ. ఆ వాసనలోనే నేను సైన్, కొసైన్ నేర్చుకున్నాను, దాన్ని అగరుబత్తి పొగతో కప్పే ఉద్దేశం నాకు లేదు.

మా చిన్నప్పుడు ఈ గల్లీలన్నీ సాంచెల చప్పుడుతో ఊగుతుండేవి. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం, అవి నడిచే షెడ్డును ఇక్కడి గుజరాతీవాళ్లలాగే ఖాతా అంటాం. కరీంనగర్ వైపు నుంచి వలస వచ్చిన మా బాపు ఖాతాలో సాంచెలు నడిపేవాడు, ఇంటికొచ్చాక కూడా చప్పుడు మీద మాట్లాడుతున్నట్టు గట్టిగా మాట్లాడేవాడు. అమ్మ, మా పద్మక్క గుమ్మంలో కూర్చుని చీరల మీద రాళ్లు అతికించేవాళ్లు, వాళ్ల వేళ్ల మీద ఎండిన గమ్ము పొరలు పొరలుగా ఊడొస్తుంటే ఒలవడం నాకు పెద్ద సరదా. చలికాలం వస్తే బండ్ల మీద లేత జొన్న పోంకు, దాని మీద సేవు, నిమ్మరసం. ఎండాకాలం వస్తే రేకుల కింద ఉడికిపోయి మేమంతా మెట్ల మీదే బతికేవాళ్లం. ఆ మెట్ల దగ్గరే చిందీ తాడు ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస పట్టుకుని ఊపితే, అల లేచి ఊచ దాకా పాకిపోయేది. చేయి పెద్దగా ఊపితే పెద్ద అల, తొందరగా ఊపితే అదే తాడులో ఎక్కువ అలలు. ఊచ మీద ముడి కూడా పైకి జరిపి, మెట్టెక్కి నిలబడి ఊపితే మొత్తం ఆట ఒక మెట్టు పైకి పోయేది. వీటికి పేర్లున్నాయని, పరీక్షలో మార్కులున్నాయని అప్పుడెవరికి తెలుసు.

ఎనిమిది దాకా నేను చదివింది తెలుగు బడి. పద్మక్క చదువు అక్కడే ఆగిపోయి రాళ్ల పనిలోకి దిగింది. నేను మాత్రం మొండికేసి హిందీ బడిలో చేరి, పదకొండులో లెక్కలు తీసుకున్నాను. లెక్కల సారుకు అది మొదటి రోజు నుంచీ మింగుడు పడలేదు. తెలుగు బడి నుంచి వచ్చినవాళ్లు కామర్స్‌లో కూర్చుంటే అందరికీ సుఖమని ఆయన నమ్మకం. చెడ్డవాడు కాదు, కానీ ఆయన నమ్మకం బరువంతా మా నెత్తిన పడేది.

ఒకరోజు ఆయన అందరినీ సైన్ గ్రాఫ్ గీయమన్నాడు. పైకి లేచి కిందికి దిగే గీత అన్నాడు కదా, అలాంటిది నేను రోజూ చూసేదే. బాపుకు టిఫిను డబ్బా పట్టుకెళ్లినప్పుడల్లా సాంచె ముందు నిలబడి చూసేదాన్ని. పడుగు దారాలను మోసే రెండు చట్రాల్లో ఒకటి పైకి లేస్తే ఇంకొకటి కిందికి దిగుతుంది, రెండింటి నడుమ దారి తెరుచుకుంటుంది, ఆ దారిలోంచి నాడె పేక దారం మోసుకుంటూ అటునుంచి ఇటు దూసుకుపోతుంది. అందుకే నా గీత లేచింది, పైన కాసేపు బల్లపరుపుగా ఆగింది, దిగింది, కింద మళ్లీ ఆగింది. మగ్గం ఇంటి పిల్ల తప్ప ఇంకెవరూ అలా గీయరు. సారు నా కాగితం ఎత్తి క్లాసుకంతా చూపించాడు.

"లహర్ కభీ రుక్‌తీ హై క్యా?" అన్నాడు. అల ఎక్కడైనా ఆగుతుందా అని.

"సాంచె మే రుక్‌తీ హై, సర్," అన్నాను.

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. ఇంట్లోవాళ్లను తీసుకురా, నీ పేరు కామర్స్‌లోకి మారుస్తానన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది, ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు.

మరునాడు అమ్మ గమ్ము వేళ్లతోనే బడికి వచ్చింది. సారు చెప్పిందంతా విని, తెలుగులోనే జవాబిచ్చింది. "మా పిల్ల తప్పే గీసింది సార్. తప్పు గీసినోళ్లకే గద సదువు చెప్పేది. అన్నీ వచ్చినోళ్లకు మీరెందుకు?" నేను ఒక్క ముక్క కూడా మెత్తబరచకుండా దాన్ని హిందీలో చెప్పాను. సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. దీపావళి సెలవుల తర్వాత బోర్డు మీద ఒక గ్రాఫ్ ఇస్తాను, గీస్తే ఉండు, లేకపోతే కామర్స్ అన్నాడు. తిరిగొస్తుంటే ఇంటి మలుపు దగ్గర అమ్మ, "నువ్వు గియ్యకపోతే నా ముఖం యాడ పెట్టుకోవాలె," అంది.

ఆ సాయంత్రం బాపును అడిగాను, సాంచెలో పైన ఎందుకు ఆగుతుందని.

"ఆగకుంటే నాడె ఎట్ల పోతది బిడ్డా? ఇరుకుతది, దారాలన్నీ తెగుతయి," అన్నాడు.

మరి సైన్ ఎందుకు ఆగదని అడిగితే, "అది మీ సారునే అడుగు, నన్ను జర అన్నం తిననియ్యి," అన్నాడు.

జవాబు బతుకమ్మ రోజుల్లో దొరికింది. బార్డోలీ వైపు చెరకు తోటల గట్ల మీద గునుగు పూలు కోసుకొచ్చి, తంగేడు చాలక బంతిపూలతో వరసలు నింపి, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు, నువ్వుల పొడి సర్దుకుని గల్లీ ఆడవాళ్లంతా ఖాళీ జాగాలో చేరేవాళ్లు. ఆ ఏడు నాకు కాలు బెణికి, ఆడకుండా దూరంగా ఒక ఇటుకల కుప్ప మీద కూర్చున్నాను. పద్మక్క పసుపు చున్నీ గుండ్రంగా తిరుగుతోంది. నేను కూర్చున్న చోటు నుంచి గుండ్రం కనబడదు, చున్నీ కుడికి పోవడం, ఎడమకు రావడం మాత్రమే కనబడుతుంది. నడుమ జోరుగా పోతుంది, కొసకు వచ్చేసరికి నెమ్మదిస్తుంది, అయినా నిలబడదు, తిరిగిపోతుంది. అక్క ఎక్కడా ఆగలేదు కదా, చున్నీ ఎలా ఆగుతుంది? వలయంలో పావు వంతు వెనక అమ్మ ఉంది. అక్క కొసకు చేరినప్పుడల్లా అమ్మ సరిగ్గా నడుమ ఉండేది. అదే ఆట, కాస్త ఆలస్యంగా. సైన్, కొసైన్ అంటే అంతే. నా గీత ఆగింది, ఎందుకంటే సాంచెలో ఒకరికి దారివ్వాలి. బతుకమ్మలో ఎవరికీ దారివ్వక్కర్లేదు. సంతోషంతో మలీద ముద్ద పక్కన పెట్టేసి, ఇటుక దుమ్ములో వేలితో ఆ గీత గీశాను.

దీపావళి తర్వాత సారు బోర్డు మీద రాశాడు: 2 sin(x − 90°) + 1. మైనస్ చూసి అందరూ గీతను ఎడమకు జరుపుతారు. నేను కరెంటు ఆలస్యంగా వచ్చిన రోజును తలుచుకున్నాను. ఆ రోజు సాంచెలు ఆలస్యంగా మొదలవుతాయి, చాయ్ ఆలస్యం, బాపు ఇంటికి రావడం ఆలస్యం, రోజంతా కుడికి జరుగుతుంది. చేయి పెద్దగా ఊపితే ముందున్న రెండు. మెట్టెక్కితే చివర కలిపిన ఒకటి. సున్నా దగ్గర మైనస్ ఒకటి నుంచి లేచి, తొంభై దగ్గర ఒకటిని దాటి, నూట ఎనభై దగ్గర మూడును తాకి, ఎక్కడా ఆగకుండా దిగింది నా గీత.

"ఠీక్ హై. బైఠో," అన్నాడు సారు.

కూర్చోలేదు. దాని కింద నా పాత గీత, పైన ఆగే గీత, మళ్లీ గీశాను. "యే సైన్ నహీ హై సర్, పర్ ఝూఠ్ భీ నహీ హై," అన్నాను. సైన్ కాదు, కానీ అబద్ధమూ కాదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు లేచి, పై గీత వదిలేసి, నా గీత ఒక్కటీ తుడిచేశాడు. లెక్కలు మాత్రం నాకు మిగిలాయి.

ఇప్పుడు ఈ గల్లీలో ఆ చప్పుడు లేదు. నాడె సాంచెలు తుక్కు కింద పోయాయి, వాటి బదులు కిమ్ వైపు పెద్ద షెడ్లలో నీటి ధారతో దారం విసిరే మగ్గాలు వచ్చాయి. మా తెలుగు బడికి తాళం పడింది. బతుకమ్మ ఉంది గానీ డీజే చప్పుడులో ఎవరి అడుగు ఎవరితో కలుస్తుందో తెలియదు. నా దగ్గరికొచ్చే పిల్లలు ఫోనులో నొక్కితే గ్రాఫ్ వస్తుంది, అందులో తప్పు రాదు, అందుకే ఎందుకని అడగరు.

నేను మాత్రం సైన్ పాఠం మొదలుపెట్టే రోజు ముందు చిందీ తాడు ఊపిస్తాను, తర్వాత బోర్డు మీద పైన ఆగే గీత గీస్తాను. మొన్న ఒక పిల్ల అడిగింది, "పైన గట్ల ఆగిందేంది టీచర్?" అని. నాడె అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. దాని పక్కన సరైన సైన్ గీశాను. వెనక కూర్చున్న ఒకడు లేచి, తప్పు గీత తుడిచేయనా టీచర్ అన్నాడు.

ఆ రోజు డస్టర్ సారు చేతిలో ఉంది. ఈ రోజు నా చేతిలో ఉంది. కూర్చోరా అన్నాను.