పలుకురాయి

సాగర్ కుడి కాలువలో తమ్ముడు పోయాడని నేను నమ్మాను. అమ్మ నమ్మలేదు. గట్టు మీద చొక్కా, చెప్పులు, మడత విప్పని తువ్వాలు దొరికాయి. మనిషి దొరకలేదు. వేసవికి కాలువ కట్టేశాక నాన్న రెంటచింతల నుంచి కిందికి మూడు రోజులు ఎండిన కాలువ అడుగున నడిచి వెతికాడు. నాలుగో రోజు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పంతులు గారిని పిలిపించాడు.

శరీరం దొరకనప్పుడు దర్భలతో మనిషి బొమ్మ కట్టి, దానికి దహనం చేసి, కర్మలు జరిపించవచ్చని పంతులు గారు చెప్పారు. అమ్మ గడప దగ్గర కూర్చుని విన్నది. ఆయన వెళ్ళాక అన్నది:

"గడ్డికి నిప్పుపెట్టి నా కొడుకు కాలాడని చెప్పమంటారా? ముందు నన్ను పలుకురాయి కాడికి తీసుకుపోండి. అది పలకకపోతే మీ ఇష్టం."

డ్యామ్‌కి దిగువన కృష్ణ రెండు కొండల మధ్య ఇరుకుగా పోయే చోట, చరియలో చెక్కిన రూపం అది. కూర్చున్న మనిషి. మూడు తాటిచెట్ల ఎత్తు ఉంటుంది. ఎవరు చెక్కారో, మధ్యలో ఎందుకు ఆపేశారో తెలియదు. దాని ఎదుట నిలబడి ఒక పేరు పిలిస్తే, ఆ మనిషి బతికుంటే రాయి పేరు తిరిగి పలుకుతుందని, పోయి ఉంటే పలకదని మా వైపు నమ్మకం.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ప్రతిధ్వని పాఠం ఏటా చెప్పేదాన్ని. అందుకే నాకు భయం. కొండ ఎవరి పేరైనా తిరిగి పలుకుతుంది. పలికిందంటే అమ్మ ఇక కర్మలకు ఒప్పుకోదు. ఎనిమిది నెలలుగా రాత్రి పూట వీధి తలుపు గడియ వేయనివ్వడం లేదు. మిగిలిన జీవితం అంతా అలాగే గడిచిపోతుంది. కానీ తీసుకువెళ్ళకపోతే అసలే ఒప్పుకోదు. అమ్మా నేనూ వెళ్ళాం.

మాచర్లలో బస్సు మారి విజయపురి సౌత్‌లో దిగేసరికి ఎండ ముదిరింది. గేట్లు మూసి ఉన్నాయి. డ్యామ్ కింద నది మడుగులు మడుగులుగా ఉంది. రేవులో పుట్టి వేసే ముసలాయన మమ్మల్ని ఎక్కించుకున్నాడు.

"ఎవరి కోసమమ్మా?"

"మా అబ్బాయి," అన్నది అమ్మ.

"చానామంది వస్తారు. నేనూ ఓసారి మా ఆడదాన్ని పిలిచి చూశా. పలకలా. గుండె జారిపోయి ఇంటికి పరిగెత్తితే, పొయ్యికాడ కూర్చోనుంది. ఇంట్లో పిలిచినా పలకదులే, దాని అలవాటే అంత."

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

వంపు తిరిగాక రూపం కనిపించింది. మోకాళ్ళు, వాటి మీద చేతులు, భుజాలు తెలుస్తున్నాయి. చెవులు రెండూ మడతలతో సహా పూర్తిగా చెక్కారు. ముఖం ఉండాల్సిన చోట ఉలి తగలని బండ ఉంది. కళ్ళు లేవు గనక చూస్తున్నట్టు లేదు. వింటున్నట్టు ఉంది. చెవి గుంటల నుంచి పావురాల రెట్ట తెల్లగా చారలు కట్టింది. పావురాలు మాత్రం లేవు.

ముసలాయన నది మధ్య బండ మీద మమ్మల్ని దించాడు.

"ముందు బతికున్నోళ్ళని పిలిచి చూడమ్మా. అది మేలుకోనుందో లేదో తెలవాల."

అమ్మ నా ఇంటిపిలుపు పిలిచింది. సాయంత్రం వీధిలోకి వచ్చి పిలిచినట్టే పిలిచింది. ఆగాం. తెడ్డు మీంచి నీటి చుక్కలు పడుతున్న శబ్దం వినిపిస్తోంది. ఏమీ తిరిగి రాలేదు. మళ్ళీ పిలిచింది. రాలేదు.

"గాలి అటు తిరిగుంటదిలే," అన్నాడు ముసలాయన.

గాలి లేదు. నా కొంగు కూడా కదలడం లేదు.

అప్పుడు అమ్మ తమ్ముణ్ణి పిలిచింది. ఒక్కసారే.

రాయి పలికింది. నేను పాఠంలో చెప్పే లెక్క కంటే ఆలస్యంగా పలికింది. అమ్మ చివరి అక్షరం సాగదీసి పిలిచింది. తిరిగి వచ్చిన పేరులో సాగదీత లేదు. అంతకు మించి నాకు తెలియదు.

ముసలాయన తెడ్డు సర్దుకునే మిషతో అటు తిరిగాడు. అమ్మ ముఖంలో సంతోషం ఉంటుందనుకుని చూశాను. అమ్మ నా పాదాల వైపు చూస్తోంది. నీడ ఉందో లేదో చూస్తోందని కాసేపటికి అర్థమైంది.

"ఏమే, నీకేమన్నా నలతగా ఉందా?"

"లేదమ్మా."

"పొద్దున ఏం తిన్నావు?"

"నీతోపాటే తిన్నాగా."

"నాలుక చూపించు."

చూపించాను. నా పేరు నేనే పిలిచి చూద్దామనుకున్నాను. నోరు తెరిచి, మూసుకున్నాను. చదువుకున్నదాన్నే. అయినా ఆ బండ మీద మళ్ళీ పిలిచి చూడాలనిపించలేదు.

బస్సులో అమ్మ నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. కండక్టర్ వచ్చినా వదల్లేదు. డబ్బులు నేనే ఎడమ చేత్తో తీసిచ్చాను. ఊరు చేరేదాకా కొడుకు మాట ఎత్తలేదు. కళ్ళు తిరిగితే చెప్పమని మాత్రం నాలుగైదుసార్లు అన్నది.

నాన్న అరుగు మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"పలికిందా?"

"పలకలా," అన్నది అమ్మ.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు.

"ఎన్నిసార్లు పిలిచావు?"

"చానాసార్లు. అది ఎవరి పేరూ పలకలా. ఉత్త రాయి. పంతులు గారికి కబురు చెయ్యండి."

రాయి మాట నమ్మితే కొడుకు బతికున్నాడు. అదే రాయి కూతురి పేరు పలకలేదు. ఒకటి ఉంచుకుని రెండోది వదిలేయడం అమ్మకు చేతకాలేదు. అందుకని రెండూ అబద్ధం చేసింది.

నాన్న చెప్పులు వేసుకుని పంతులు గారింటికి వెళ్ళాడు. అమ్మ పొయ్యి వెలిగించి, నన్ను పక్కనే కూర్చోమంది. ఎసరు కాగే లోపల రెండుసార్లు నా చెయ్యి తాకి చూసింది. ఉడికాక అన్నం కలిపి, ముద్ద చేసి నా నోటి దాకా తెచ్చింది. నాకప్పుడు ముప్పై ఏళ్ళు. తిన్నాను.