అవ్వ కట్టిస్తానన్న సవరం

ఈ మధ్య జుట్టు రాలకుండా ఉల్లిగడ్డ నూనె అని సీసాల్లో అమ్ముతున్నారు. మొన్న ఆఫీసులో పక్క సీటామె అలాంటి సీసా మూత తిప్పగానే, ఆ ఘాటుకు నేను మళ్లీ పదేళ్ల పిల్లనై, పెద్దమందడి దగ్గర మా ఊళ్లో, అవ్వ మోకాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను.

ఆ ఎండాకాలం సెలవుల్లో నాకు టైఫాయిడ్ వచ్చింది. వానలు మొదలై బడి తెరిచేసరికి జ్వరం పోయింది గానీ జుట్టు రాలడం పట్టుకుంది. దువ్వితే దువ్వెన నిండా, లేస్తే దిండు నిండా, జొన్నరొట్టె తుంచితే అందులోనూ ఒకటి. వనపర్తి దవాఖానలో డాక్టరు, జ్వరం తర్వాత ఇది మామూలే, దానంతటదే వస్తుంది, గుడ్లూ పప్పూ బాగా పెట్టండి అని పంపేశాడు. మందు రాయనివాడు ఏం డాక్టరని మా అవ్వ, అంటే నాన్న తల్లి, బస్సు దిగేదాకా గొణిగి, మరునాటి నుంచే వైద్యం తన చేతిలోకి తీసుకుంది.

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద ఆముదంలో మెంతులు, మందారాకు, బావి దగ్గర నేను కోసుకొచ్చిన గుంటగలగరాకు వేసి నల్లబడేదాకా కాచేది. ఆదివారం వచ్చిందంటే తోటి పిల్లలు అరుగు మీద అచ్చనగండ్లు ఆడుతుంటే, నాకు ముందు ఉల్లిగడ్డ రసం, మాడంతా మండిపోయాక నూనె, ఆపైన కళ్లలో పడి ప్రాణం తీసే కుంకుడు పులుసు. లేచి పారిపోబోతే అవ్వ మోకాళ్లతో నొక్కిపట్టి, రాలిన వెంట్రుకలను వేలికి చుట్టి చూపించేది.

"కూసో బిడ్డా. గివన్ని జమ చేస్తున్న. బతుకమ్మకల్లా నీకు సవరం కట్టిస్త."

సవరం కలిపి అల్లితే ఉన్న నాలుగు వెంట్రుకలూ నడుం దాకా జడవుతాయి. బడికి నెత్తికి దస్తీ కట్టుకుని పోయి, బోడమ్మా అని పిలిపించుకుంటున్న నాకు అంతకంటే ఏం కావాలి? సద్దుల బతుకమ్మనాడు దస్తీ తీసి పారేసి, జడ ఊపుకుంటూ అందరి నడుమా ఆడాలి. అవ్వ వెంట్రుకల చుట్టలను చూరులో గుడ్డసంచిలో దాచేది. నేను రోజూ పీట వేసుకుని ఎక్కి, సంచి ఎంత ఉబ్బిందో తడిమి చూసుకునేదాన్ని.

పండుగకు రెండు రోజుల ముందు బావి దగ్గర నుంచి వచ్చేసరికి ఇంట్లో గునుగు పూలకు రంగులద్దుతున్నారు. అవ్వ రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపిన మలీద ముద్ద కొత్త స్టీలు గిన్నెలో పెట్టింది. సగం తిన్నాక గిన్నె ఎక్కడిదని అడిగాను. నీ వెంట్రుకలదే, పొద్దున గిన్నెలాయన వస్తే ఇచ్చి తీసుకున్నానని సంబరంగా చెప్పింది. చూరు వైపు చూశాను. సంచి లేదు.

"సవరం కట్టిస్తనంటివి గద అవ్వా?"

"గా నాలుగెంటికలకు సవరమైతదా, పిచ్చిదానా? నిన్ను కూసోబెట్టనీకె అన్న."

అమ్మ కూడా నవ్వింది. మిగిలిన ముద్దను గిన్నెతో సహా పక్కకు తోసేశాను. ఆ ఏడు కడుపునొప్పని చెప్పి బతుకమ్మకు పోనే లేదు; పాటలు వినిపిస్తుంటే దస్తీ కళ్ల మీదికి లాక్కుని పడుకున్నాను.

మరుసటి ఎండాకాలానికి జుట్టు వచ్చింది, మునుపటికంటే ఒత్తుగా. డాక్టరు అన్నట్టు దానంతటదే వచ్చిందనే నా నమ్మకం, కానీ పేరంతా ఆముదానికి పోయింది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, అవ్వ నా జడ పట్టుకుని వాడకట్టులో అందరికీ చూపించేది, నేను గుంజుకునేదాన్ని. ఆ తర్వాత ఎవరెంత చెప్పినా ఆమె ముందు తల వంచి కూర్చోలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఆముదం కాచే పొయ్యిలు లేవు, వెంట్రుకలు పోగేసే ముసలమ్మలూ లేరు, గుంటగలగరాకు చూపిస్తే పిల్లలు పిచ్చిమొక్క అంటారు. అవ్వ పోయి మూడేళ్లయింది. పోయే ముందటి ఏడు, మంచం పక్కన కూర్చుని, ఆ సవరం మాట ఎందుకు చెప్పావని అడిగాను. నొచ్చుకుంటుందనుకున్నాను, కనీసం నవ్వి తప్పించుకుంటుందనుకున్నాను.

"ఏ సవరమే బిడ్డా?" అంది.

నాలుగు నెలలు ఆ ఒక్క మాట పట్టుకుని ఆ మంటంతా ఓర్చుకున్నాను. ఆమెకు అది గుర్తైనా లేదు.