గుమ్మంలోంచి చూస్తే తెలియని వేడి

సౌదీలోని తబూక్‌లో రాజలింగం సొంతంగా కారవాన్ల, అంటే కారుకు తగిలించుకుని తీసుకుపోయే చక్రాల ఇళ్ల, రిపేరు షాపు తెరిచిన వారానికి మొదటి గిరాకీ వచ్చింది. అబూ ఫహద్ అనే సౌదీ పెద్దమనిషి ఇంటిల్లిపాదితో సముద్రతీరానికి బయలుదేరబోతుంటే కారవాన్‌లో ఏసీ చెడిపోయింది. రాజలింగం బాగుచేశాడు గానీ తాళంచెవి ఇవ్వలేదు. మిట్టమధ్యాహ్నం తలుపు మూసుకుని తాను గంటసేపు లోపల కూర్చుని చూశాకే ఇస్తానన్నాడు.

అబూ ఫహద్ ముఖం చిట్లించి, ఇంకో షాపుకు తీసుకుపోతానన్నాడు.

"బావా, మొదటి గిరాకీని చేతులార ఎల్లగొడుతున్నవు. చల్లగనే వస్తుంది గద!" అని బామ్మర్ది నాగేందర్ మొత్తుకున్నాడు.

"బయట నిలవడి చెప్తె ఎట్లరా? క్యాంపుల సూపర్‌వైజర్ గూడ గిట్లనే చెప్పేటోడు."

రాజలింగం అంతకుముందు ఒక కాంట్రాక్టు కంపెనీలో చేశాడు. అక్కడి కూలీల క్యాంపులో ఒక్కో రేకు క్యాబిన్‌లో ఎనిమిదిమంది పడుకునేవారు. సూపర్‌వైజర్ గుమ్మంలోంచి చెయ్యి చాపి, ఏసీ బాగానే ఉందని చెప్పి వెళ్లిపోయేవాడు.

చివరికి అబూ ఫహద్, "సరే, నేనూ కూర్చుంటా" అంటూ గహ్వా అనే అరబ్బీ కాఫీ ఫ్లాస్కుతో కారవాన్ ఎక్కాడు. రెండో కప్పు పోసుకునేసరికి ఏసీ ఆగిపోయింది. ఇద్దరికీ చెమటలు పట్టాయి. వేడికి వదులైన వైరును రాజలింగం బిగించాడు. మళ్లీ తలుపు మూసుకుని కూర్చున్నారు. ఈసారి ఆగలేదు.

వెళ్తూ వెళ్తూ అబూ ఫహద్ తమ్ముడి కారవాన్‌నూ పంపుతానన్నాడు. షాపు నిలబడింది. నాలుగు రోజుల విహారానికి పోయేవాళ్లకు లోపల కూర్చుని చూసే మనిషి దొరికాడు. ఏళ్లతరబడి రేకు క్యాబిన్లలో బతికేవాళ్ల కోసం మాత్రం ఆ సూపర్‌వైజర్ ఇంకా గుమ్మం దాటి లోపలికి రాలేదు.