పుప్పాలగూడ షెడ్డులో పదిహేడు లీకులు

చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే మనిషికి తెలివి పెరుగుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. చదువు పూర్తయి, హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో చేరి ఐదు నెలలైంది. గాలిమరల రెక్కలు తయారుచేసేవాళ్ళకు కావలసిన పరికరాలు చేయడం మా పని. ఆఫీసు తొమ్మిదో అంతస్తులో, అద్దాల మధ్య. ఆ పరికరాలను పరీక్షించేది మాత్రం పుప్పాలగూడలో, అపార్ట్‌మెంట్ల వెనక ఒక రేకుల షెడ్డులో. షెడ్డుకు వెళ్ళడమంటే నాకు నామోషీ. మెడలో ఆఫీసు కార్డు బాగా కనబడేలా వేసుకుని వెళ్ళేవాణ్ణి (అక్కడ దాన్ని చూసేది ఒక్క వాచ్‌మన్; ఆయన కూడా మూడు వారాలు నన్ను కొరియర్ అబ్బాయే అనుకున్నాడు).

షెడ్డులో నమూనాగా ఒక రెక్క కొనను తయారుచేసేవాళ్ళు. కొన అంటే చిన్నదేమీ కాదు, సిటీ బస్సంత పొడవు. పడవలాంటి అచ్చులో గాజు నార గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ షీటు (షెడ్డు భాషలో బ్యాగు) కప్పి, అంచుల చుట్టూ జిగురు టేపుతో మూసేస్తారు. పంపుతో లోపలి గాలంతా లాగేశాక రెసిన్ అనే జిగురు ద్రవం వదిలితే, అది గుడ్డంతా పాకి గట్టిపడుతుంది. ఎక్కడైనా సూది మొనంత సందున్నా చాలు, గాలి దూరి బుడగలు మిగులుతాయి, నాలుగు రోజుల చాకిరీ చెత్తకుప్ప పాలవుతుంది. ఆ సందును పట్టుకోవడానికే మా పరికరం. గాలి దూరేటప్పుడు మామూలు చెవికి అందని సన్నటి చప్పుడు పుడుతుంది. దాన్ని వినబడేలా మార్చి హెడ్‌ఫోన్లలోకి పంపుతుంది. దాని సాఫ్ట్‌వేర్ సగం నేనే రాశాను. మిగతా సగం రాసినతను ఉద్యోగం మానేశాడు కాబట్టి, మొత్తం నేనే రాశానని చెప్పుకునేవాణ్ణి.

షెడ్డులో షీట్లు మూసే పని ఒక పుప్పాలగూడ ఆవిడది. యాభై దాటిన మనిషి. లీకు ఎక్కడుందో చెవి ఆనించి చెప్పేస్తుందని అందరూ ఆమెను గాలక్క అనేవాళ్ళు. పరికరం వచ్చాక ఆమె చెవికి ఇక విశ్రాంతి అని నేను జాలిపడేవాణ్ణి కూడా.

ఒక ఉదయం పదకొండింటికి, రెక్కల ఫ్యాక్టరీ నుంచి ఒక పెద్దాయన మా పరికరం చూడటానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చకపోతే పరికరం అటకెక్కుతుంది, దానితోపాటు నేనూ. ఏడింటికే వెళ్ళి గొట్టాలూ, లోపలి గాలి ఒత్తిడి చూపే గేజూ స్వయంగా బిగించాను. గాలి లాగి పంపు ఆపామో లేదో, గేజు ముల్లు మెల్లగా వెనక్కి జారింది. ఎక్కడో లీకుంది. మా మేనేజరు (ఏలూరు వైపు మనిషి, ఏ కష్టం వచ్చినా ముందు స్లైడు తయారుచేస్తాడని మేం స్లైడ్ల సార్ అనేవాళ్ళం) నుదురు తుడుచుకుంటూ, "ఇదీ మన మంచికేనయ్యా. నిజం లీకు దొరికితే ఆయనకి అదే చూపిద్దాం," అన్నాడు.

నేను హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎర్ర మార్కరు పట్టుకుని, అచ్చు చుట్టూ బయలుదేరాను. వంగి పరికరం ఆనించగానే చెవుల్లో బుస్సుమంది. గుర్తు పెట్టాను. రెండడుగులు వేసి వంగాను, మళ్ళీ బుస్సు. మళ్ళీ గుర్తు. నా పరికరం ఇంత గొప్పదని నాకే తెలియదు. గాలక్క నా వెనకే వస్తూ ప్రతి గుర్తు మీదా టేపు ముక్క అంటించింది. పదిహేడు గుర్తులు, పదిహేడు అతుకులు. ముల్లు మాత్రం జారుతూనే ఉంది. అనుమానం వచ్చి పరికరాన్ని స్లైడ్ల సార్ వైపు తిప్పి ఒక అడుగు వేశాను. ఆయన దగ్గరా బుస్సుమంది.

"సార్, మీ దగ్గర కూడా లీకుంది," అన్నాను. ఆ మాట నేను వేళాకోళానికి అనలేదని పాఠకులు దయచేసి నమ్మాలి.

ఆయన చొక్కా బొత్తాలు తడుముకున్నాడు. గాలక్క టేపు చుట్ట కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"బిడ్డా, జర కదలకుండ నిలబడు. ఇప్పుడు ఇనబడ్తుందా?"

"లేదక్కా."

"ఇప్పుడు వంగు."

వంగాను. బుస్సుమంది.

"నువ్వు కదిలినప్పుడే లీకైతుంది. బ్యాగుది కాదు, నీ నడుముది. ఆ తాళాల గుత్తి తీసి అవతల పెట్టు," అంది.

బండి తాళం, మియాపూర్‌లో మా ఇంటి తాళం, ఆఫీసు సొరుగుది, దేనిదో తెలియక పారేయలేనివి మరో మూడు, బెల్టుకు వేలాడుతూ గలగలమంటున్నాయి. ఆ గలగలలోనూ చెవికి అందని చప్పుడు ఉంటుందట. గుత్తి బల్ల మీద పెట్టి అచ్చు చుట్టూ మళ్ళీ తిరిగాను. ఎక్కడా చడీచప్పుడూ లేదు. ముల్లు మాత్రం ఆగలేదు. టైము పదిన్నర.

"అక్కా, ఇప్పుడేం చేద్దాం?" నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినబడింది.

"పరేషాన్ గాకు. బ్యాగు నేను మూసిన, నాది నేను చూసిన. నువ్వు మూసినవి చూసినవా?"

నేను మూసినవి! పరికరాన్ని గేజు దగ్గరికి తీసుకెళ్ళాను. దాని గొట్టం మొదట్లో, పొద్దున నేనే బిగించిన మర దగ్గర, బుస్సుమంది. గాలక్క అక్కడ చెవి ఆనించి తలూపింది. పానాతో రెండు చుట్లు తిప్పేసరికి ముల్లు ఆగిపోయింది. మేం ముగ్గురం దాన్ని పావుగంట చూశాం. ఎవరమూ గట్టిగా ఊపిరి తీయలేదు.

పెద్దాయన వచ్చి ముందు ఎర్ర గుర్తులే చూశాడు. "ఇవేంటి?"

"ముందుజాగ్రత్తగా పరీక్షించిన చోట్లండి," అన్నాడు స్లైడ్ల సార్.

గాలక్క నావైపు చూసింది. తాళాలూ, గేజూ, మేనేజరు గారి లీకుతో సహా అంతా చెప్పేశాను. పెద్దాయన విని, బల్ల మీది గుత్తి తీసి ఆడించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, నవ్వాడు. "మా దగ్గర నలభైమంది, అందరి జేబుల్లోనూ తాళాలే. ఈ సంగతి ఇక్కడే తెలియడం మంచిదైంది. రెండు పరికరాలు పంపండి, చూద్దాం. ఈమెను కూడా పంపండి, మావాళ్ళకు నేర్పుతుంది."

"నాకు బస్సు పడది సారూ. ఈ బిడ్డకు నేను నేర్పిస్త, ఈయన్నే తోలుండ్రి," అంది గాలక్క.

అలా నెలరోజులు ఆమె దగ్గర చెవి ఆనించడం నేర్చుకున్నాను. ఇప్పుడు లీకుల్ని తెర మీద రంగుల్లో చూపించే కెమెరాలొచ్చాయి. నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. ఏ మాటైనా ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటే గాని పైకి అనను. నేను చాలా జాగ్రత్తపరుణ్ణని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా, రవ్వంత సందేహం కూడా లేకుండా తన పై అధికారికే లీకుందని ప్రకటించిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాణ్ణి తలుచుకుంటే సిగ్గేస్తుంది. కానీ ఏం చెప్పను, వాడంత ధీమాగా నేను మళ్ళీ ఏదీ చేయలేదు.