పున్నారావు కోడి రోడ్డు దాటిన ఎండాకాలం

రెంటచింతలలో పున్నారావుకి రెండు విషయాల్లో పేరుంది. మిరప పండించడం ఒకటి, అలగడం ఒకటి. మిరప ఏడాదికోసారే కోతకొచ్చేది. అలకకి ఆపాటి నియమం కూడా లేదు.

అన్నిటికన్నా పెద్ద అలక ఎదురింటి ధనుంజయరావు మీద. ఆయన పరాయివాడేం కాదు, పున్నారావు భార్య కొండమ్మకి స్వయానా అన్న. ధనుంజయరావు కూతురి పెళ్లిలో పున్నారావు కూర్చున్న బంతి దగ్గరికి వచ్చేసరికి గారెలు అయిపోయాయి. ఇంటల్లుడికి గారె లేదా అని విస్తరి ముందు నుంచి లేచొచ్చినవాడు ఏళ్లు గడిచినా మళ్లీ ఆ గడప తొక్కలేదు. రెండిళ్ల మధ్య ఒక బండి పట్టేంత సందు. తప్పనిసరిగా మాట్లాడాల్సి వస్తే ఇద్దరూ ఆ సందులో కట్టేసిన గేదెతో మాట్లాడేవారు.

"ఏమే, రేపు కాలవకి నీళ్లొదుల్తారంట. కొంతమందికి తెలుసో లేదో" అనేవాడు పున్నారావు గేదెతో.

"తెలుసని చెప్పవే" అనేవాడు ధనుంజయరావు, అదే గేదెతో.

గేదె ఇద్దరి మాటా విని నెమరేసుకునేది.

ఎనభయ్యారు ఎండాకాలంలో మౌలాలీ కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. లారీ మెకానిక్కు. చిన్నప్పుడు పున్నారావుతో కలిసి బడి ఎగ్గొట్టినవాడు. ఆ స్నేహం కొద్దీ ఒక నల్లటి పెట్టె పట్టుకొచ్చాడు. అరచేతులు రెండూ పక్కపక్కన పెడితే ఎంతో అంతే ఉంది. నిండా రబ్బరు మీటలు, వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు. దానికి తోడు ఒక క్యాసెట్టు.

"ఇంట్లో వాడుకునే కంప్యూటర్ అన్నా. ఇందులో ఆటలుంటాయి."

కొండమ్మ దానికి పసుపు రాయబోతే మౌలాలీ ఆపాడు. బొట్టు మాత్రం ఆపలేకపోయాడు. ఈలోగా పున్నారావు క్యాసెట్టుని టేపురికార్డర్లో పెట్టి నొక్కాడు. పిల్లి తోక మీద రోకలి పడ్డట్టు ఒకటే కీచు. ఇంటిల్లిపాదీ శ్రద్ధగా విన్నారు.

"ఏందయ్యా ఇది?" అంది కొండమ్మ.

"అరబ్బీ పాటనుకుంటా. ఇనంగా ఇనంగా బాగుంటదిలే."

మౌలాలీ తల పట్టుకున్నాడు. "పాట కాదన్నా. ఆ చప్పుడు ఈ పెట్టెలోకి పోతే టీవీలో బొమ్మొస్తది. టీవీకి తగిలించాలి దీన్ని."

పున్నారావు మొహం మాడిపోయింది. ఆ వీధి మొత్తానికి టీవీ ఉన్నది ధనుంజయరావు ఇంట్లోనే.

కొన్నాళ్లు బిగదీసుకున్నాడు. పెట్టెని అలమారలో పెట్టాడు. మళ్లీ తీశాడు. తుడిచాడు. మీటలు ఊరికే నొక్కి చూశాడు.

"పోయి అడగరాదా? మా అన్నేమన్నా పులా?" అంది కొండమ్మ.

"గారె పెట్టనోడు టీవీ పెడతాడా?"

చివరికి ఒక పొద్దున సందులోకి వెళ్లి గేదె పక్కన నిలబడ్డాడు. "ఏమే, నా దగ్గర కువైట్ కంప్యూటరుంది. దానికి టీవీ కావాల. టీవీ ఉన్నోళ్లు ఉన్నారు గానీ, పాపం వాళ్లకి కంప్యూటర్ లేదు."

అరుగు మీద కూర్చున్న ధనుంజయరావు చుట్ట నుసి రాల్చాడు. తర్వాత గేదె వైపు తిరిగి, "తెమ్మని చెప్పవే. కాళ్లు కడుక్కొని రమ్మను" అన్నాడు.

మౌలాలీ తీగలు కలిపాడు. క్యాసెట్టు కీచుమన్నంతసేపూ ఎవరూ దగ్గను కూడా లేదు. తెర మీద గీతలు ఊగి ఊగి ఒక రోడ్డు వచ్చింది. రోడ్డు మీద లారీలు, ఈ పక్కన తెల్లగా ఒక కోడి. మీటలు నొక్కుతూ కోడిని రోడ్డు దాటించాలి. ఆట అంతే.

పున్నారావు మీటని మిరప తొడిమ తుంచినట్టు పట్టుకొని లాగబోయాడు. కోడి కాస్తా లారీ కింద పడింది.

"పెట్ట గాబట్టి పడింది. పుంజయితే తప్పుకునేది" అంది కొండమ్మ.

మళ్లీ మొదలుపెట్టేసరికి కరెంటు పోయింది. వచ్చాక కీచు మొదటినుంచి పెట్టాల్సి వచ్చింది. పెట్టె వేడెక్కితే కోడి నడిరోడ్డు మీద కొయ్యబారిపోయేది. అప్పుడు కొండమ్మ విసనకర్ర తీసుకొని దానికి విసిరేది. తనకెన్నడూ అంత ఓపికగా విసరలేదని పున్నారావు గమనించాడు గానీ, ఆటలో ఉండి అలగడం మర్చిపోయాడు.

వరస వచ్చినప్పుడల్లా ధనుంజయరావూ ఆడేవాడు. ఒకరి చేతిలోంచి పెట్టె ఇంకొకరి చేతిలోకి మారేది, నోట్లోంచి మాట మాత్రం ఊడిపడేది కాదు. అలా ఉండగా ఒకరోజు పున్నారావు కోడి ఎన్నడూ లేనిది రోడ్డు చివరిదాకా వెళ్లింది. ఇంకొక్క గెంతు మిగిలింది. అంతలో మూల నుంచి లారీ దూసుకొచ్చింది.

"బావా, ఎనక్కి!" అని అరిచాడు ధనుంజయరావు.

పున్నారావు నోరు తెరుచుకొని ఆయన వైపు తిరిగాడు. లారీ కోడి మీదుగా పోయింది.

"ఇన్నేళ్లకి నోరు తెరిచి నా కోడిని చంపావు గదా బావా" అన్నాడు పున్నారావు.

"నేను చెప్పింది కోడిని ఎనక్కి తియ్యమని. నా వైపు ఎవరు చూడమన్నారు?"

ఆ తగువు భోజనాల వేళ దాకా నడిచింది. మధ్యలో గేదె లేకుండా, ముఖాముఖి. కొండమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ ఇద్దరికీ అన్నం పెట్టింది.

ఇక ఆ వేసవంతా వేరే పని లేదు. కళ్లంలో మిరపకాయలు తిరగేసే దిక్కులేక ఒకవైపు తెల్లబోయాయి. బేరగాడొచ్చి ఇదేందని అడిగితే, "కొత్త రకం" అన్నాడు పున్నారావు.

రోహిణి కార్తెలో పెట్టె చచ్చిపోయింది. మీటలు జిగురుగా అంటుకుపోయి, కమురు వాసన వేసింది. మౌలాలీ మరలు విప్పి, లోపలికి తొంగి చూసి, మళ్లీ బిగించేశాడు. "లారీ అయితే ఏదో ఒకటి చేసేవాణ్ణన్నా" అన్నాడు.

పున్నారావు మాత్రం ఎదురింటికి వెళ్లడం మానలేదు. బావ పక్కన కూర్చొని టీవీలో వ్యవసాయ కార్యక్రమాలు చూసేవాడు. ఎప్పుడైనా తెర మీద రోడ్డు కనబడితే ఇద్దరూ ముందుకి వంగేవారు.

రెండేళ్ల తర్వాత నరసరావుపేటలో ఒకాయన కంప్యూటర్ నేర్పే బడి పెట్టాడని విని బస్సెక్కి వెళ్లారు. చెప్పులు విప్పి లోపలికెళ్లి, వరసగా ఉన్న యంత్రాలన్నీ చూశారు.

"ఇందులో కోడుందా?" అని అడిగాడు పున్నారావు.

"కోడేంటండీ?" అన్నాడు నేర్పే ఆయన.

పున్నారావు జాలిగా ధనుంజయరావు వైపు తిరిగాడు. "పా బావా. ఈళ్లకింకా అసలు సరుకు రాలేదు."