కట్టేసిన కాలువకు పడవ తెచ్చిన వైనం

గోదావరి జిల్లాలో పుట్టి, కాలువ నీళ్ళు తాగి పెరిగి, చివరికి ఆ నీళ్ళ దగ్గరే బొక్కబోర్లా పడ్డ మనిషిని మీరు చూశారో లేదో నాకు తెలియదు. చూడకపోతే ఆ కొరత ఇవాళ తీరుస్తాను. నా వల్ల ఒక సినిమా ఆగిపోబోయింది, ఒక డైరెక్టర్ గారి ఆశ మట్టిలో కలవబోయింది, ఒక లారీ పడవను మోసుకుంటూ ఊరేగింది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మధ్యలో ఒకచోట మాత్రం కాస్త ఆగుదురు గాని.

సినిమాలకు లొకేషన్లు వెతికిపెట్టడం నా పని. నాకు ఈ పని నేర్పిన గురువుగారు పాత స్కూటర్ మీద ఊరూరా తిరిగేవారు. ప్రతి ఊళ్ళోనూ టీకొట్టు దగ్గర బండి ఆపి, టీ తాగి, ఆ మాటా ఈ మాటా మాట్లాడి, సాయంత్రానికి కడుపుబ్బరంతో ఇల్లు చేరేవారు. అది ఆయనకి టీ మీదున్న బలహీనత అనుకునేవాణ్ణి. నా చేతికి డ్రోన్ వచ్చాక ఆ టీలతో నాకు పని తీరిపోయింది. కుర్చీలోంచి లేవకుండా శాటిలైట్ మ్యాపులో ఊరు చూస్తాను, నచ్చితే వెళ్ళి డ్రోన్ ఎగరేస్తాను, ఆ ఫొటోలన్నీ కంప్యూటర్‌కి ఇస్తే అది ఊరిని ఊరుగా బొమ్మకట్టి ఇస్తుంది. డైరెక్టర్లు హైదరాబాదులో కళ్ళకు వీఆర్ గాగుల్స్ తగిలించుకుని ఆ ఊళ్ళో నడుస్తారు. దుమ్ము లేదు, కుక్కలు లేవు, "ఎవరి తాలూకండి?" అని అడిగేవాళ్ళు లేరు.

డైరెక్టర్ మేఘన గారిది అది మొదటి సినిమా. కథంతా ఒక్క సన్నివేశం మీద నిలబడి ఉంది. మాస్టారు ఒకాయన చనిపోతారు. ఆయన శవపేటికను పడవలో పెట్టి కాలువ దాటించి, అవతలి గట్టున ఉన్న సమాధుల తోటకి తీసుకెళ్తారు. భార్య పెట్టె పక్కనే కూర్చుని ఉంటుంది. ఆ భార్య వేషం వేసే పెద్దావిడకి మోకాళ్ళ ఆపరేషన్ ఉంది. ఆ లోపు మే నెలలో రెండే రోజులు ఇచ్చారు. ఆ రెండు రోజుల్లో తీయలేకపోతే ఇక సినిమా మూసేద్దామని నిర్మాత ముందే చెప్పేశాడు.

నాకు వెంటనే తట్టింది మా ఊరే. తణుకు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో, కాలువ గట్టు మీది ఊరు. ఇవతల మా లూథరన్ చర్చి, అవతల సమాధుల తోట, మధ్యలో నిండు కాలువ, గట్టు పొడుగునా కొబ్బరి చెట్లు. క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు డ్రోన్ ఎగరేసి మొత్తం తీసుకొచ్చాను. కంప్యూటర్ బొమ్మలో మే నెల తేదీ కొడితే, ఆ రోజు ఎండ ఎటు పడుతుందో, పొద్దు వాలేటప్పుడు ఏ రెండు కొబ్బరి చెట్ల మధ్యకి సూర్యుడు వస్తాడో చక్కగా చూపించింది. మే నెల ఎండ, డిసెంబరు నీళ్ళు. రెండూ ఒకే బొమ్మలో ఎంచక్కా కలిసిపోయాయి.

ఏ గోదావరి జిల్లా పాఠకుడో ఇక్కడికి వచ్చేసరికి నెత్తి కొట్టుకుని ఉంటాడు. కొట్టుకోండి, నేను అప్పుడు కొట్టుకోలేదు.

మేఘన గారు గాగుల్స్ పెట్టుకుని ఆ గట్టు మీద చాలాసేపు తిరిగారు. నీళ్ళ అంచుకి రాగానే తెలియకుండానే ప్యాంటు కాస్త పైకి లాక్కున్నారు. తరవాత గాగుల్స్ తీసి కళ్ళు తుడుచుకుని, ఒకసారి వెళ్ళి స్వయంగా చూసి రానా అని అడిగారు. నేను నవ్వాను. "ఎందుకండీ అంత శ్రమ? మా ఊరు కదండీ, నా అరచెయ్యి" అన్నాను. ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు కదా. నేను ముంజేతి కంకణాన్ని శాటిలైట్‌లో చూసుకున్న రకం.

ఊళ్ళో ఏర్పాట్లకి మా కరుణమ్మ అత్తయ్యకి ఫోన్ చేశాను. మా నాన్న చెల్లెలు. మా అమ్మా నాన్నా పోయాక ఆ ఊళ్ళో నాకు మిగిలింది ఆవిడే. చర్చి అయ్యగారితోనూ ప్రెసిడెంట్ గారితోనూ ఆవిడే మాట్లాడింది. కాలువలో పడవ షూటింగ్ అని చెప్పినప్పుడు మాత్రం "మే నెల్లోనా?" అంది. "అవునత్తా, మే నెల్లో వెలుగు బాగుంటుంది" అన్నాను. ఆవిడ సరేలే అంది.

షూటింగ్‌కి ముందురోజు సాయంత్రం, రంగులు వేసి ముస్తాబు చేసిన పడవను లారీ మీద ఎక్కించుకుని, నేను ముందు కారులో, లారీ వెనక, ఊరేగింపుగా గట్టు ఎక్కాం. కాలువలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

కాలువ ఒడ్డున కాదండీ. కాలువలో.

కారు దిగి అలా చూస్తూ ఉండిపోయాను. అక్కడక్కడా మోకాలి లోతు బురద గుంటలు, తేలిన తూటికాడ, మధ్యలో పిచ్చు. బౌలర్ పరిగెత్తుకొచ్చే దారి సరిగ్గా నా పడవ వెళ్ళాల్సిన దారి. టీకొట్టు సత్తిబాబు గారు గట్టు మీద నిలబడి, లారీ మీది పడవని ఎంతో మర్యాదగా చూస్తున్నారు.

"ఏంటండి సత్తిబాబు గారు, నీళ్ళేవండి?" అన్నాను.

"కట్టేశారు కదండీ."

"ఎప్పుడు?"

"ఏటా కట్టే వేళకేనండి. దాళ్వా పంట కోతలయ్యాయి కదండీ."

"క్రిస్మస్ నుంచీ ఇక్కడ షూటింగని ఊరందరికీ తెలుసు. నాకొక్క మాట చెప్పకూడదాండి?"

ఆయన మొహమాటపడిపోయారు. "మీరు ఇక్కడివారే కదండీ. మీకు మేం చెప్పడమేంటి, బాగోదని ఊరుకున్నామండి."

వేసవిలో కాలువలు కడతారని, అంటే లాకులు మూసి నీళ్ళు ఆపేస్తారన్నది మా వైపు పుట్టిన ఏ పసివాడికైనా తెలుసు. బడికి సెలవులివ్వడం, మామిడికాయ ముక్కలు ఆరబెట్టడం, కాలువ కట్టేయడం, ఈ మూడూ కలిస్తేనే మాకు వేసవి. నేను మొదటి వికెట్ తీసింది ఆ కాలువలోనే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినవాడైనా నయం, వాడు పైకెళ్ళి డ్రోన్‌తో వెతకలేదు.

పరుగున లాకుల దగ్గరికి వెళ్ళి, ఒక్క పూటకి కాసిని నీళ్ళు వదలమని బతిమాలాను. దిగువన కాలువ పనులు జరుగుతున్నాయి, నీ పడవ కోసం ఆ కూలీలను ముంచమంటావా అన్నారు లాకుల వాళ్ళు. అత్తయ్య దగ్గరికి వెళ్ళి, నువ్వైనా చెప్పకూడదా అని మండిపడ్డాను. ఆవిడ లేసు అల్లుతున్న చెయ్యి ఆపకుండా, "సినిమావాళ్ళు వానే తెచ్చుకుంటారంటగా. కాలువ నీళ్ళు తెచ్చుకోరా అనుకున్నాను" అంది.

మర్నాడు పొద్దున మేఘన గారు వచ్చారు. అరుస్తారనుకుని సిద్ధంగా ఉన్నాను. అరవలేదు. గట్టు అంచుకి వెళ్ళి, ఎండిపోయిన కాలువని చూస్తూ నిలబడ్డారు. ఆవిడ ముఖం చూస్తే, ఈ మనిషి సినిమా అయిపోయిందని నాకు అర్థమైంది. చివరికి నా వైపు తిరిగి, "మీది ఈ ఊరని నమ్మానండి" అన్నారు. తిట్టినా అంత తగిలేది కాదు.

అప్పుడే అత్తయ్య మజ్జిగ చెంబుతో వచ్చింది. గట్టు మీద శవపేటిక, లారీ మీద పడవ, తలలు వంచుకున్న యూనిట్. ఆవిడకి మా బాధేంటో అంతుపట్టలేదు.

"నీళ్ళు లేనప్పుడు పడవెందుకమ్మా?" అంది మేఘన గారితో. "కాలువలో దిగి నడిచే దాటిస్తారు. వంతెన చుట్టూ తిరిగి ఎవరెళ్తారు? మా అన్నయ్యని అలాగే తీసుకెళ్ళాం." నా వైపు చెయ్యి చూపించింది. "ముందు పట్టింది వీడే."

నవ్వుతున్నవాళ్ళు ఇక్కడ కాస్త ఆగండి.

మా నాన్న పోయింది మే నెలలో. నేను హైదరాబాదు నుంచి వచ్చి, పెట్టె ముందు వైపు భుజం పెట్టి, ఆ కాలువలోంచే నడిచాను. నాకు గుర్తున్నదల్లా కాలి కింద బురద. ఒక చెప్పు అందులో దిగబడిపోయింది, దాన్ని వదిలేసి నడిచాను. భుజం మీద మా నాన్న, కళ్ళ ముందు నా కాళ్ళు. నేను నడుస్తున్నది ఎక్కడో, అది ఏ నెలో, కాలువలో నీళ్ళెందుకు లేవో ఏదీ తలకెక్కలేదు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు దాన్ని తలుచుకోలేదు కూడా. తలుచుకోవడం ఇష్టం లేక పైనుంచే చూస్తూ వచ్చానేమో.

మేఘన గారు అత్తయ్యని అడిగారు. "వారి భార్య కూడా నడిచారాండి?"

"లేదమ్మా. వదినకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు. ఇదిగో, ఇక్కడే కుర్చీ వేశాం. నేను పక్కన నుంచున్నాను." అత్తయ్య మజ్జిగ చెంబు కింద పెట్టింది. "పెట్టె కాలువలోకి దిగగానే ఇక్కణ్ణించి కనబడలేదు. వదిన నా చెయ్యి పట్టుకుని, 'ఎక్కారా?' అంది. ఇంకా లేదు వదినా అన్నాను. మళ్ళీ కాసేపటికి, 'ఎక్కారా?' అవతలి గట్టు మీద పెట్టె కనబడేదాకా అదే మాట. కనబడ్డాక నా చెయ్యి వదిలేసింది."

ఆ సంగతి నాకు తెలియదు. అమ్మ ఎన్నడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు. అవతలి గట్టు ఎక్కేటప్పుడు నేను ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదని మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. యూనిట్ అంతా చూస్తుండగా లారీ చాటుకి వెళ్ళి ఏడ్చాను.

ఆ సాయంత్రమే తీశారు. పడవ లేదు. పెద్దావిడ గట్టు మీద చర్చి కుర్చీలో కూర్చున్నారు. పక్కన నిలబడ్డానికి వేరే నటి వద్దని, మేఘన గారు మా అత్తయ్యనే నిలబెట్టారు. పెట్టె కాలువలోకి దిగి మాయమైంది. పెద్దావిడ "ఎక్కారా?" అన్నారు. మా అత్తయ్య, నటనంటే ఏంటో తెలియని మనిషి, "ఇంకా లేదు వదినా" అంది. పెట్టె అవతలి గట్టు మీద పైకి తేలేసరికి, కంప్యూటర్ చెప్పినట్టే, సూర్యుడు ఆ రెండు కొబ్బరి చెట్ల మధ్యకి వచ్చి ఉన్నాడు. పాపం, ఆ విషయంలో అది అబద్ధమాడలేదు. ఎవరూ కట్ చెప్పలేదు. చెప్పాల్సిన ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారు.

పడవ మాత్రం సత్తిబాబు గారి కొట్టు పక్కనే ఉండిపోయింది. కాలువలకు మళ్ళీ నీళ్ళు వదిలాక దాని నిండా కొబ్బరికాయలు వేసి తోలుకెళ్ళారని విన్నాను.

సినిమా విడుదలయ్యాక ఒక పెద్ద డైరెక్టర్ ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆ కాలువ వాళ్ళకి బాగా తెలుసట, ఎప్పుడో చలికాలంలో నిండుగా పారుతుంటే చూశారట. "అంత కాలువలో ఒక్క చుక్క కనబడకుండా నీళ్ళు తీసేశారు, ఎక్కడా అతుకు తెలియలేదు. ఆ గ్రాఫిక్స్ ఎవరు చేశారండీ?" అని అడిగారు.

"ఇరిగేషన్ వాళ్ళండి" అన్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, నిండు కాలువ సాక్షిగా, అది నిండుగా ఉన్న నెలల్లో మాత్రమే, ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊరినీ ముందుగా ఆకాశం నుంచి చూడను. ముందు గట్టు దిగుతాను, సత్తిబాబు గారి లాంటి వారి దగ్గర టీ తాగుతాను, అది మా ఊరే అయినా సరే పొరుగూరివాడిలాగా అన్నీ అడుగుతాను. కడుపుబ్బరానికి మాత్రలు జేబులో పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి ఇవతలి గట్టు కేసి కూడా చూస్తాను.