బుగ్గన కరక్కాయ

అది దొరల కాలం. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరంటే మా పంతుళ్ళకు హడలు. పిల్లల్ని కాలవగట్టుకి తీసుకెళ్ళి, విన్న చప్పుళ్ళన్నీ అక్కడే కూర్చోబెట్టి రాయించమని ఆయన ఉత్తర్వు. రాయించాను. ఆ కాగితాల కట్ట ఆయనకు చూపించడానికి గుడివాడలో బందరు రైలెక్కాను.

దాదాపు అందరూ కోకిల కూసిందనే రాశారు. ఆ వేళ గట్టు మీద కోకిల లేదు, అది వాచకంలోది. ఒక పిల్ల మాత్రం ఒకే వాక్యం రాసింది: "మాస్టారు మాట్లాడుతూనే ఉన్నారు కాబట్టి ఇంకేమీ వినపడలేదు." ఇది ఇన్‌స్పెక్టరు కంటపడితే నా ఉద్యోగం ఏమవుతుందోనని ఆ కాగితం చింపబోయాను.

ఎదుటి బల్ల మీద ఒక ముసలాయన, దగ్గు రాకుండా బుగ్గన కరక్కాయ పెట్టుకుని, అప్పటిదాకా పలక్కుండా కూర్చున్నారు. చెయ్యి చాపి కాగితం తీసుకుని చదివారు. కోకిల సంగతితో సహా అంతా చెప్పాను.

"ఇది నిజమేనా అండీ?"

"నిజమేనండి."

"అయితే చింపకండి. విన్నది రాసింది ఈ పిల్ల ఒక్కతే కదండీ."

నాకు నవ్వొచ్చింది. పొద్దుటినుంచీ గుండెల మీదున్న బరువు దిగిపోయింది. ఆ కాగితాన్నే కట్ట పైన పెట్టాను. ఆయన పొట్లం విప్పి నాకో కరక్కాయ ముక్క ఇచ్చారు.

"ఈసారి గట్టుకి వెళ్ళేటప్పుడు బుగ్గన పెట్టుకోండి. నోరు తెరవాలనిపించదు."

బందరులో ఇన్‌స్పెక్టరుగారు ఆ వాక్యం చదివి, నా వంక చూసి, సంతకం పెట్టారు.

మళ్ళీ వారం ఆ ముక్క చప్పరిస్తూ పిల్లలతో నడిచాను. నాలుగేళ్ళుగా తిరుగుతున్న గట్టే. అక్కడి తుంగలో నీటికోడి ఉందని ఆ రోజే తెలిసింది.